తుపాకీ కంటే ముందు టీచర్: అమెరికాలో మనవాళ్ళు ఫైర్‌ఆర్మ్స్ ట్రైనింగ్ వెతుక్కోవడం ఎలా

నా మొదటి క్లాసు డాలస్ శివార్లలో ఒక హోటల్ కాన్ఫరెన్స్ రూములో జరిగింది. శనివారం పొద్దున్నే ఇరవై రెండు మందిమి డోనట్లు, కాఫీ పట్టుకుని కూర్చున్నాం. సారు తన పిస్టల్ బయటికి తీసి దాని గొప్పలు చెబుతూ అటూ ఇటూ తిప్పాడు. ఒక క్షణం ఆ మూతి నా పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి గుండెకు సూటిగా వచ్చింది. ఆమె చప్పున పక్కకు ఒరిగింది. "ఖాళీదే, ఇందాకే చూశాను" అని నవ్వేశాడు. సాయంత్రానికి అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి. తూటా ఇరుక్కుంటే ఏం చేయాలో మాత్రం ఎవరికీ రాలేదు.

మన ఊళ్ళో తుపాకీ అంటే పోలీసులు, బ్యాంకు సెక్యూరిటీ గార్డు, ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసే లైసెన్సు తుపాకులు. అంతకు మించి మనకు పరిచయం లేదు. ఇక్కడికొచ్చాక, పక్కింటాయన గరాజ్‌లో నాలుగు ఉంటాయి. 2017లో కాన్సస్‌లోని ఒలేతేలో మన శ్రీనివాస్ కూచిభొట్ల ప్రాణం తీసిన కాల్పుల తరవాత, ఇండియన్ల ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలు పడుతున్నారన్న వార్తలు చూశాక, "మనమూ ఒకటి కొనుక్కుందామా" అన్న మాట ప్రతి పాట్‌లక్‌లోనూ వస్తోంది. అడిగినవాళ్ళకల్లా నేను ఒకటే చెబుతున్నాను: కొనే సంగతి తరవాత, ముందు నేర్పేవాళ్ళను వెతుక్కోండి. ఆ వెతకడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. నేనుండేది టెక్సాస్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే. మీ రాష్ట్రం రూల్స్ వేరుగా ఉండొచ్చు, ఫెడరల్ రూల్స్ మాత్రం అందరికీ ఒకటే.

మొదటి మెట్టు: మీ వీసా స్టేటస్ చూసుకోండి

మనవాళ్ళలో ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1, బీ2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. "దగ్గర ఉంచుకోవడం" అంటే కొనడం ఒక్కటే కాదు. రేంజ్‌లో గంటకు అద్దెకు తీసుకుని చేత్తో పట్టుకున్నా అదే లెక్క. "ఫ్రెండ్ గన్నే కదా, రెండు రౌండ్లే కదా" అన్నా కుదరదు. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు.

ఇదంతా కాగితం మీది భయమే అనుకునేవాళ్ళు రెహైఫ్ కేసు గురించి తెలుసుకోవాలి. ఫ్లోరిడాలో స్టూడెంట్ వీసా మీద చదవడానికి వచ్చిన కుర్రాడు. మార్కులు సరిగ్గా లేక యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టేటస్ పోయింది. ఆ తరవాత ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు. కేసు పడింది, జైలు శిక్ష పడింది, చివరికి సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. తన స్టేటస్ ఏమిటో అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు చెప్పింది. న్యాయశాస్త్రంలో అది పెద్ద తీర్పే. కానీ ఆ కుర్రాడు అక్కడికి వెళ్ళింది సరదాగా కాల్చి రావడానికి.

అమెరికా చూడ్డానికి వచ్చిన నాన్నగారిని రేంజ్‌కి తీసుకెళ్ళి, గన్ పట్టించి, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టే కొడుకులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ ఫోటోయే సాక్ష్యం. నయాగరా దగ్గర తీయండి ఫోటోలు.

దీనికి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఎక్కువ మంది వాడేది హంటింగ్ లైసెన్సు. అమెరికాలో ఏ రాష్ట్రమైనా చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న, ఆ తరవాత పుట్టినవాళ్ళకు హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. పదిహేడేళ్ళు దాటినవాళ్ళు దాన్ని ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. మన జనంలో చాలామంది జింకను కాల్చే ఉద్దేశం ఏమాత్రం లేకుండానే ఈ లైసెన్సు తీసుకుంటున్నారు. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. కొన్ని రేంజ్‌లు మాత్రం లైసెన్సు చూపించినా వీసా మీద ఉన్నవాళ్ళను రానివ్వవు, అది వాళ్ళ ఇష్టం. గ్రీన్‌కార్డు ఫైలింగ్ నడుస్తున్నవాళ్ళు, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) మీద ఉన్నవాళ్ళు, మధ్యలో స్టేటస్ మారినవాళ్ళు ఒక గంట ఇమిగ్రేషన్ లాయరుకు డబ్బులిచ్చి అడగండి. వాట్సాప్ గ్రూపులో సీనియర్‌ని అడక్కండి.

గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళు కొనొచ్చు, నేర్చుకోవచ్చు. కానీ తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నా డిపోర్ట్ చేయొచ్చు. పౌరులకు ఫైనుతోనో, కొన్నాళ్ళ జైలుతోనో తీరిపోయేది మనకు దేశం దాటిస్తుంది. ఇంకొకటి: షాపులో కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో గంజాయి వాడకం గురించి ప్రశ్న ఉంటుంది. మీ రాష్ట్రంలో అది లీగలే కావచ్చు, ఫెడరల్ చట్టం దగ్గర కాదు. ఆ సంగతి ఆ ఫారం మీదే రాసి ఉంటుంది. కొలరాడో ట్రిప్పులో గంజాయి గమ్మీలు తిన్నవాళ్ళు దాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. అందులో అబద్ధం రాయడం మళ్ళీ వేరే నేరం.

వీసా మీద ఉండి, వేట లైసెన్సు వద్దనుకునేవాళ్ళు కూడా సగం చదువు పూర్తి చేయొచ్చు. సెల్ఫ్ డిఫెన్స్ చట్టాల మీద క్లాస్‌రూమ్ సెమినార్లు, రక్తస్రావం ఆపే 'స్టాప్ ద బ్లీడ్' క్లాసు, లేజర్ పిస్టళ్ళతో ప్రాక్టీసు, వీటిలో అసలు తుపాకీ ఉండదు. ఫెడరల్ చట్టం ప్రకారం లేజర్ పిస్టల్ ఫైర్‌ఆర్మ్ కాదు. చేరే ముందు "క్లాసులో నిజమైన గన్ గానీ తూటాలు గానీ నా చేతికిస్తారా?" అని అడిగి, లేదని చెప్పించుకోండి.

రెండో మెట్టు: ఎందుకో తేల్చుకోండి

బంగారం కోసమైతే గన్ వద్దు, బ్యాంకు లాకరు తీసుకోండి. ఎగతాళికి అనడం లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దొంగతనం జరిగితే, మీ బంగారంతో పాటు మీ గన్ కూడా పోతుంది.

రాత్రిపూట ఇంట్లో మనుషుల రక్షణ కోసమైతే హోమ్ డిఫెన్స్ క్లాసు కావాలి. గ్యాస్ స్టేషన్ నడిపేవాళ్ళు, లిక్కర్ స్టోర్ ఉన్నవాళ్ళు, అర్ధరాత్రి దాకా మోటల్ కౌంటర్లో కూర్చునేవాళ్ళు ఒంటి మీద పెట్టుకుని తిరగాలనుకుంటే అది కన్సీల్డ్ క్యారీ, పూర్తిగా వేరే చదువు. హోల్‌స్టర్ (నడుముకు కట్టే తుపాకీ ఒర) నుంచి తీయడం ఒక ఎత్తు. జనం మధ్యలో తీయకుండా ఉండటం ఇంకా పెద్ద ఎత్తు. పక్కింటాయన గన్ చూపిస్తే కంగారు పడకుండా ఉండాలి, అంతే చాలు అనుకుంటే ఒక్కరోజు సేఫ్టీ క్లాసు సరిపోతుంది. గన్ కొననివాళ్ళకు కూడా ఆ క్లాసు పనికొస్తుంది. మన పిల్లలు ఆడుకోవడానికి వెళ్ళే ఇళ్ళలో గన్‌లు ఉంటాయి కదా.

సర్టిఫికెట్‌కీ ట్రైనింగ్‌కీ తేడా

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టపరంగా అర్హత ఉన్నవాళ్ళు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు. అయినా ఎల్‌టీసీ, అంటే లైసెన్స్ టు క్యారీ, తీసుకునేవాళ్ళు ఉన్నారు. వేరే రాష్ట్రాలకు వెళ్ళినప్పుడు పనికొస్తుంది. దానికి నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, ఒక రాత పరీక్ష, ఒక షూటింగ్ పరీక్ష ఉంటాయి. షూటింగ్ పరీక్షలో 50 రౌండ్లు: 3 గజాల నుంచి ఇరవై, 7 గజాల నుంచి ఇరవై, 15 గజాల నుంచి పది. నూటికి డెబ్భై వస్తే పాస్.

మూడు గజాలంటే మన డైనింగ్ టేబుల్ ఆ చివర నుంచి ఈ చివరకు కాస్త ఎక్కువ. బొమ్మ కదలదు, చీకటి ఉండదు, గుండె దడ ఉండదు. కాబట్టి ఎల్‌టీసీని డ్రైవింగ్ లైసెన్సుకు ముందు రాసే రాత పరీక్షలా చూడండి. అది పాసైనవాడికి ఫ్రీవే మీద కారు ఇవ్వం కదా.

వేరే రాష్ట్రాల లెక్కలు వేరు. కాలిఫోర్నియాలో కొనడానికే ఫైర్‌ఆర్మ్ సేఫ్టీ సర్టిఫికెట్ పరీక్ష రాయాలి, 2024 నుంచి కొత్తగా క్యారీ లైసెన్సుకు కనీసం 16 గంటల శిక్షణ ఉండాలి. ఇల్లినాయ్‌లో క్యారీకి 16 గంటలు, దగ్గర పెట్టుకోవడానికే ఫోయిడ్ కార్డు అనే రాష్ట్ర అనుమతి కార్డు కావాలి. న్యూయార్క్‌లో 16 గంటల క్లాసు, దాని పైన 2 గంటలు రేంజ్ మీద. వర్జీనియాలో 2021 నుంచి ఆన్‌లైన్ క్లాసులు పర్మిట్‌కు చెల్లవు. గంటలు ఎక్కువైనంత మాత్రాన చదువు బాగుంటుందని కాదు. ఆ గంటల్లో మీ చేతులు ఎంతసేపు పని చేశాయన్నదే చూడాలి.

మూడో మెట్టు: ఎక్కడ వెతకాలి

అందరికీ ముందు కనిపించేవి ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) బేసిక్ పిస్టల్ క్లాసులు, యూఎస్‌సీసీఏ అనే ఇంకో గన్ ఓనర్ల సంస్థ క్లాసులు. ఎన్‌ఆర్‌ఏ రాజకీయాలు మీకు నచ్చకపోవచ్చు. 1871లో అంతర్యుద్ధంలో పనిచేసిన అధికారులు సైనికులకు గురి నేర్పడం కోసం పెట్టిన సంస్థ అది, ఆ బోధన ఇంకా నడుస్తోంది. అయితే ఈ రెండింటిలోనూ సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ అంటే ఒక కోర్సు పూర్తి చేశాడని మాత్రమే అర్థం. కొందరు వారాంతంలో చేసొచ్చి సోమవారం నుంచి చెబుతున్నారు. ముప్పై ఏళ్ళుగా నేర్పుతున్నవాళ్ళ దగ్గరా ఉండేది అదే సర్టిఫికెట్.

నేను చెప్పే దారి కొంచెం వంకర. మీ ఊరి దగ్గర యూఎస్‌పీఎస్‌ఏ లేదా ఐడీపీఏ పిస్టల్ పోటీలు ఎప్పుడు జరుగుతాయో కనుక్కుని ఊరికే చూడ్డానికి వెళ్ళండి. కంటికి అద్దాలు, చెవులకు మఫ్స్ పెట్టుకుని గంట సేపు వెనక నిలబడండి. అక్కడ ఎవరైనా మూతిని పక్కకు తిప్పితే ఆ క్షణమే ఇంటికి పంపించేస్తారు. ఆ క్రమశిక్షణ ఒకసారి కళ్ళారా చూస్తే మంచి క్లాసు ఎలా ఉండాలో మీకు అర్థమవుతుంది. బ్రేక్‌లో ఇద్దరిని అడగండి: "మీ ఇంట్లోవాళ్ళను నేర్చుకోడానికి ఎవరి దగ్గరికి పంపిస్తారు?" ఒకే పేరు రెండుసార్లు వినబడితే రాసుకోండి. నాకు రెండో టీచర్ అలాగే దొరికింది.

ఆడవాళ్ళకు మాత్రమే నడిచే గ్రూపులు ఉన్నాయి. టెక్సాస్‌లోనే 2011లో మొదలైన 'ఎ గర్ల్ అండ్ ఎ గన్' అలాంటిదే. భర్త దగ్గర నేర్చుకోవడం కంటే అక్కడ నేర్చుకోవడం వెయ్యి రెట్లు నయం. కారు డ్రైవింగ్ నేర్పేటప్పుడు ఇంట్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి.

ఇక పేరుమోసిన స్కూళ్ళు. 1976లో పిస్టల్ శిక్షణకు పేరుపడ్డ జెఫ్ కూపర్ అరిజోనాలోని పాల్డెన్‌లో పెట్టిన గన్‌సైట్‌లో అయిదు రోజుల పిస్టల్ క్లాసు ఉంటుంది. ఆత్మరక్షణ చట్టం, కాల్చాక ఎదురయ్యే పరిణామాల మీద మసాద్ అయూబ్ 40 గంటల క్లాసు ప్రసిద్ధం. ఇవి మొదటి క్లాసులు కావు. ఏడాది పాటు లోకల్‌గా నేర్చుకున్నాక ఆలోచించండి.

నాలుగో మెట్టు: ఫోన్ చేసి అడగండి

డబ్బులు కట్టే ముందు ఫోన్లో మాట్లాడండి. మాట్లాడటానికి ఇష్టపడని ఇన్‌స్ట్రక్టర్‌ని వదిలేయండి. నేను అడిగేవి ఇవి:

"ఒక్కొక్క ఇన్‌స్ట్రక్టర్‌కు రేంజ్ మీద ఎంతమంది?" కొత్తవాళ్ళకు నలుగురైదుగురు మించితే నాకు నచ్చదు.

"క్లాస్‌రూములోకి తూటాలు వస్తాయా?" రావు అనే జవాబు కోసం చూడండి.

"ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేస్తారు?" ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. మంచి టీచర్ వెంటనే చెబుతాడు: కిట్ ఎక్కడుంది, టూర్నికే (రక్తం ఆపే పట్టీ) ఎవరు కడతారు, 911కి ఎవరు ఫోన్ చేస్తారు, అంబులెన్సుకు గేటు దగ్గర ఎవరు నిలబడతారు. "మా క్లాసులో అలాంటివి జరగవండీ" అన్నాడంటే ఫోన్ పెట్టేయండి.

"మీరు చివరిసారి స్టూడెంట్‌గా ఏ క్లాసుకు వెళ్ళారు?" పదేళ్ళ క్రితం అంటే ఆలోచించండి. పోలీసు, మిలిటరీ అనుభవం మంచిదే, కానీ ఆ ఉద్యోగంలో ఎదుటివాడి మీదికి వెళ్ళడం నేర్పుతారు. మనకు కావాల్సింది తప్పించుకోవడం.

"గన్ అద్దెకిస్తారా?" ఇస్తే .22 (చిన్న తూటా, తక్కువగా తన్నే గన్) నుంచి మొదలుపెట్టమనండి. షాపుల్లో ఆడవాళ్ళకు చిన్న రివాల్వర్ అంటగట్టే అలవాటు ఒకటుంది. చిన్న గన్ చేతికి గట్టిగా తంతుంది, గురీ కుదరదు. కొనకముందే క్లాసుకు వెళ్ళమని చెప్పడానికి ఇదో కారణం.

అయిదో మెట్టు: క్లాసు రోజు

మెడ దాకా ఉండే టీషర్టు, జీన్సు, మూసిన బూట్లు, టోపీ. చున్నీ వద్దు. పేల్చినప్పుడు పక్కకు ఎగిరే ఇత్తడి గుల్ల చురుక్కుమనేంత వేడిగా ఉంటుంది. అది కాలర్లోంచి లోపలికి జారితే మనిషి గంతులేస్తాడు, చేతిలో లోడైన గన్‌తో సహా. "ముందు గన్ కింద పెట్టు, తరవాత డాన్సు చెయ్యి" అనేది మా టీచర్. ఇండోర్ రేంజ్‌లో చెవులకు ఇయర్‌ప్లగ్స్, వాటి మీద మఫ్స్, రెండూ పెట్టుకోండి. సీసం ధూళి చేతులకు, బట్టలకు అంటుకుంటుంది కాబట్టి అక్కడ ఏమీ తినకండి, చల్లని నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కోండి, బూట్లు గరాజ్‌లోనే వదిలి, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి. గర్భంతో ఉన్నవాళ్ళు రేంజ్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది, సీసమూ ఆ మోతా రెండూ కడుపులో బిడ్డకు చేటు.

కూపర్ పేరుతో చెలామణి అయ్యే నాలుగు సూత్రాలు ఏ క్లాసులోనైనా మొదట వస్తాయి. ప్రతి తుపాకీ లోడై ఉన్నట్టే చూడు. నాశనం చేయదలచుకోని దేని మీదికీ మూతి తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. దేన్ని కాలుస్తున్నావో, దాని వెనక ఏముందో తెలుసుకో. తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి మనవాళ్ళ పిల్లలు పోయారన్న వార్త వచ్చినప్పుడల్లా మొదటి సూత్రమే గుర్తొస్తుంది. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసేసినా చాంబర్లో, అంటే గొట్టం మొదట్లో, ఒక తూటా మిగిలి ఉండొచ్చన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

నాలుగోది మన ఇళ్ళకు వర్తింపజేసుకోండి. అమెరికా ఇల్లు ఇటుక గోడ కాదు, చెక్క ఫ్రేముకు కొట్టిన షీట్‌రాక్ (పల్చటి జిప్సం పలక). 9 ఎంఎం తూటా లోపలి గోడల్ని దాటుకుంటూ పోతుంది. మీ బెడ్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి మెట్ల వైపు చూస్తే, ఆ గోడ వెనక ఎవరి గది ఉంది? మా టీచర్ మా అందరి చేత ఇంటి ప్లాను కాగితం మీద గీయించింది. నేను గీసిన గీత నేరుగా మా అమ్మాయి మంచం మీదుగా పోయింది. ఆ రాత్రి ఇంటికొచ్చి మంచం జరిపాను. తరవాత, గన్ పక్కన ఫ్లాష్‌లైట్ పెట్టుకున్నాను. అర్ధరాత్రి కిచెన్లో చప్పుడు చేసేది దొంగ కంటే కాలేజీ నుంచి చెప్పకుండా వచ్చిన కొడుకే అయ్యే అవకాశం ఎక్కువ.

ఆమె చేయించిన ఇంకో పని చెప్పాలి. నా మ్యాగజైన్ నాకు కనబడకుండా ఆమే నింపింది, అసలు తూటాల మధ్య ప్లాస్టిక్ డమ్మీలు కలిపి. మొదటి రెండూ పేలాయి. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అంది, అంతే. కానీ గన్ మూతి రెండంగుళాలు కిందికి వంగింది. పేలని తుపాకీ ఎందుకు వంగుతుంది? మోత వస్తుందని భయపడి నా చేతులే ముందుగా నొక్కేశాయి. నా తూటాలన్నీ బొమ్మకు కిందగా ఎందుకు పడుతున్నాయో అప్పటిదాకా నాకు తెలియలేదు. హోటల్ సారు "ప్రాక్టీస్ చేస్తే అదే వస్తుంది" అన్నాడు. ఈమె అయిదు నిమిషాల్లో చూపించింది. మీ టీచర్ ఇలాంటి డ్రిల్ చేయించకపోతే మీరే అడగండి.

కాల్చడం కంటే కాల్చకపోవడం గురించి క్లాసులో ఎంతసేపు మాట్లాడారో గమనించండి. "టెక్సాస్‌లో గడప దాటి వస్తే కాల్చేయొచ్చు" అని టీచరే అంటే లేచి వచ్చేయండి. చట్టంలో అంతకంటే షరతులు ఉన్నాయి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది జ్యూరీ. 911కి ఏం చెప్పాలి, పోలీసులు వచ్చేసరికి మీ చేతులు ఎక్కడ ఉండాలి, ఇవి కూడా నేర్పాలి. చేతిలో గన్‌తో తలుపు దగ్గర నిలబడిన గోధుమరంగు మనిషిని చూసి, ఇంటి యజమాని ఎవరో పోలీసులు ఊహించలేరు.

క్లాసు అయ్యాక

ఇంట్లో పిల్లలుంటే సేఫ్ లేకుండా గన్ ఇంటికి తేకండి. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకు లోడైన గన్ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం నేరం. అల్మారా పైన, చీరల కింద దాచాను అంటే కుదరదు, దాచిన చోటు పిల్లలకే ముందు తెలుస్తుంది. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కింద పోలీసు శాఖల ద్వారా కేబుల్ లాకులు ఉచితంగా ఇస్తారు, అడగండి.

క్యారీ చేసేవాళ్ళు గుమ్మాల దగ్గర బోర్డులు చదవడం అలవాటు చేసుకోండి. 30.06 అని ఉంటే లైసెన్సు ఉన్నా దాచి పెట్టుకున్న గన్‌తో, 30.07 అని ఉంటే బయటికి కనిపించే గన్‌తో లోపలికి వెళ్ళకూడదు, ఎర్రటి 51 శాతం బోర్డు ఉన్న బార్లలోకి ఏ గన్‌తోనూ వెళ్ళకూడదు. గుడి గుమ్మం దగ్గర కూడా చూడండి.

నెలకోసారి రేంజ్, వారానికి రెండుసార్లు పది నిమిషాలు ఇంట్లో ఖాళీ గన్‌తో ట్రిగ్గర్ ప్రాక్టీసు. ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. ఏడాదికి ఒక క్లాసు, ప్రతిసారీ వేరే టీచర్ దగ్గర.

రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగును ఎప్పుడూ ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగు జిప్పులో మర్చిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో స్కానర్ పట్టుకుంటే ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్టుతో కోర్టుల చుట్టూ తిరుగుడు. మా ఇంట్లో ఆ బ్యాగు ఎర్రరంగుది. అది గరాజ్ దాటి లోపలికి రాదు.